ఇంటికి వరద బీమా: కడదామా, మానేద్దామా?

వానాకాలం మొదలైందంటే మా చుట్టాల్లో ఏటా ఇదే చర్చ. ఇంటికి వరద బీమా కట్టాలా, అక్కర్లేదా అని. మా పిన్ని అయితే ఆ మాటే ఎత్తనివ్వదు. "శుభమా అని గృహప్రవేశం చేసుకున్న ఇల్లు మునుగుతుందని డబ్బు కట్టడమేమిటే, అపశకునం కాకపోతే!" అంటుంది. మా తోడికోడలు ఇందుకు పూర్తిగా ఎదురు. ఏ ఏజెంటు ఏ కాగితం చూపించినా సంతకం పెట్టేస్తుంది. నేను ఆ ఇద్దరి పక్షమూ కాదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

ముందు ఒక సంగతి. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్లో చెప్పేది విని ఇక్కడా అంతే అనుకోకండి. అక్కడ మామూలు ఇంటి పాలసీలో వరద ఉండదు, దానికి విడిగా కొనుక్కోవాలి. ప్రభుత్వ పథకం కింద కొంటే అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు ఆగాలి. మనకి వరద ఒక్కదానికే వేరే పాలసీ వెతుక్కునే పని లేదు. ఇంటి బీమా తీసుకుంటే అగ్ని ప్రమాదం, పిడుగు, తుపాను, భూకంపం, వరద అన్నీ అందులోనే వస్తాయి. 'భారత్ గృహ రక్ష' అని పేరు. 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ ఒకే నమూనాలో దీన్ని ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. కాబట్టి మన ముందున్న ప్రశ్న అసలు ఇంటి బీమా కట్టాలా వద్దా అన్నది.

"మా వీధిలోకి నీళ్లు ఎప్పుడూ రాలేదు" అనేవాళ్లకి బెజవాడ సంగతి చెబుతాను. బుడమేరు వాగు 2005లో ఊరిని ముంచింది. తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు ఊరుకుంది. ఆ మధ్యలో సింగ్ నగర్, పాయకాపురం వైపు ఎన్ని ఇళ్లు లేచాయో అక్కడివాళ్లకి తెలుసు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఆకాశం విరిగిపడ్డట్టు కురిసింది. బుడమేరు మళ్లింపు కాలువ కట్టకి గండ్లు పడ్డాయి. అవతల ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పరుగెడుతోంది. కృష్ణ కరకట్టల మీద కన్నేసి ఉంచినవాళ్ల ఇళ్లలోకి వెనక నుంచి బుడమేరు వచ్చింది. కొన్ని వీధుల్లో నీళ్లు వారం దాటినా తియ్యలేదు. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు కూడా ఇళ్లు ముంచింది.

నీళ్లు తీశాక సింగ్ నగర్‌లో మా దూరపు బంధువుల ఇల్లు చూశాను. గోడల మీద నా భుజం ఎత్తున బురద గీత, అన్ని గదుల్లోనూ ఒకే మట్టానికి. ప్లైవుడ్ అల్మారాలు నానిన అప్పడాల్లా పొరలు పొరలుగా ఊడొచ్చాయి. ఇనప బీరువా తలుపు బిగుసుకుపోతే గునపంతో తెరిచారు. కింది అరలో ఆ ఇంటావిడ పెళ్లి పట్టుచీరలు, ఒకదాని రంగు ఒకదానికి అంటుకుని ఒకే ముద్ద. ఫ్రిజ్ వెల్లకిలా తేలి వెళ్లి వంటింటి గుమ్మానికి అడ్డం పడింది. ఇన్వర్టరు, బ్యాటరీ, వాషింగ్ మెషీన్, మోటారు, పరుపులు, మిక్సీ... లెక్క రాస్తుంటే సగంలో ఆపేసింది ఆవిడ. "ఇంక చాల్లే వదినా, రాస్తుంటే చెయ్యి వణుకుతోంది" అంది.

ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తు వాళ్లకి 10 వేలు ఇచ్చింది. ఫైరింజన్లు వచ్చి ఇళ్లలో బురద కడిగాయి. కాదనను, ఆ రోజున ఆ డబ్బు ప్రాణం నిలబెట్టింది. కానీ అది సాయం, పరిహారం కాదు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మళ్లీ కొంటేనే ఆ 25 వేలూ చెల్లిపోతాయి. తక్కినవాటికి చాలామంది చేసింది ఒకటే, బంగారం తాకట్టు పెట్టడం.

ఇక పాలసీ కాగితంలోకి వద్దాం. ఏజెంటు దగ్గర మనం మోసపోయే చోటు ఒకటుంది. ఎంత మొత్తానికి బీమా చెయ్యాలి అన్న గడి. "మీ ఇల్లు 80 లక్షలు పలుకుతుంది కదమ్మా" అంటాడు. పలికేది స్థలంతో కలిపి. స్థలం వరదలో కొట్టుకుపోదు కదా! ఇల్లు మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అదే లెక్క. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, అడుగుకి రెండు వేల ఖర్చు అనుకుంటే 20 లక్షలు చాలు. దాంతోపాటు సామాన్లకి కట్టడం విలువలో 20 శాతం, అంటే 4 లక్షలు, జాబితా రాసివ్వకుండానే వర్తిస్తుంది. దీనికి గరిష్ఠం 10 లక్షలు. ప్రహరీ గోడ, నీళ్ల ట్యాంకు, మేడ మీది సోలార్ పలకలు కూడా ఇంట్లో భాగమే. బాగుచేసేదాకా బయట అద్దెకి ఉండాల్సివస్తే ఆ అద్దెకీ వీలుంది. ఇంతా చేసి, అదనపు హంగులేవీ తగిలించకపోతే ఇలాంటి ఇంటికి ఏడాది ప్రీమియం రెండు మూడు వేలు దాటడం అరుదు. మనం ఏడాదిలో కేబులుకి, ఇంటర్నెట్టుకి కట్టేదానికంటే తక్కువ.

ఇవ్వనివీ చెప్పాలిగా. నగదు, దస్తావేజులు, బళ్లు దీని కిందకి రావు. బండికి దాని సమగ్ర పాలసీ వేరే ఉండాలి. నగలు కావాలంటే విడిగా విలువ కట్టించి రాయించుకోవాలి. పాత శ్లాబు బీటలిచ్చి కారితే అది వరద కాదు, మరమ్మతు చేయించని పాపం మనదే అంటారు, న్యాయమే. చెరువు శిఖంలో కట్టిన ఇంటిని అధికారులు కూల్చేస్తే ఏ బీమా ఆదుకోదు. ఇల్లు కొనేముందే చూసుకోవాలి.

మరి ఎవరు కట్టాలి? కింది అంతస్తు సొంత ఇల్లు, దగ్గర్లో వాగో, చెరువో, పంట కాలువో, మురుగు కాలువో ఉంటే రెండో ఆలోచన వద్దు, కట్టేయండి. పెద్ద వానకి వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచే చోటైనా అంతే. హైదరాబాదులో 2020 అక్టోబరులో చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగాయి, నది పక్కనే ఉండక్కర్లేదు. నాలుగో అంతస్తు ఫ్లాటు వాళ్లు వరద కోసమే అయితే తొందరపడక్కర్లేదు. మీది విశాఖలాంటి ఊరైతే మాత్రం 2014 హుద్‌హుద్ తుపాను గుర్తు తెచ్చుకోండి. ఆ గాలికి పై అంతస్తుల్లోనూ కిటికీ అద్దాలు పగిలాయి. అద్దెకుండేవాళ్లు ఇంటి గొడవ ఓనరుకి వదిలేసి సామాన్లకి మాత్రం తీసుకోవచ్చు. ఇది చాలామందికి తెలీదు. ఇక చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోతుందీ అంటే, నా ఓటు ఆరోగ్య బీమాకే. ఇల్లు తర్వాత.

హోమ్ లోన్ ఉన్నవాళ్లు కొత్తది కొనేముందు పాత ఫైలు తియ్యండి. లోను ఇచ్చేటప్పుడే బ్యాంకువాళ్లు ఇంటి మీద పాలసీ చేయించి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ప్రీమియం కడుతూ, అలాంటిదొకటి ఉందని కూడా తెలియని ఇళ్లు నాకు తెలుసు. అందులో వరద ఉందా, సామాన్లు ఉన్నాయా, గడువు ఎప్పటిదాకా, ఈ మూడూ చూడండి. మామూలుగా అలాంటివి గోడలకే గానీ గోడల మధ్య ఉన్నవాటికి కాదు. పైగా ఆ డబ్బు మీద మొదటి హక్కు బ్యాంకుదే. బ్యాంకు చూపించిన కంపెనీ దగ్గరే కొనాలన్న నిర్బంధం మాత్రం లేదు. "ఇదే తీసుకోవాలమ్మా" అంటే నవ్వి ఊరుకోండి.

ఖర్మకాలి నీళ్లు వచ్చేశాయనుకోండి. తీయగానే చీపురు పట్టుకోకండి, తెలుసు, మన చేతులు ఆగవు! ముందు గోడల మీది గీత, ఒక్కో వస్తువు ఫోన్లో ఫొటో తియ్యండి. కంపెనీకి వెంటనే కబురు పెట్టండి. సర్వేయరు వచ్చి చూసేదాకా పాడైన సామాను పాతసామాన్ల వాడికి వెయ్యకండి. పాలసీ కాపీ ఫోన్లోనూ, ఇంకో ఊళ్లో ఉన్న అక్క దగ్గరో తమ్ముడి దగ్గరో ఉంచండి. బీరువాలో పెడితే అదీ పట్టుచీరలతోపాటు నానుతుంది. కంపెనీ అన్యాయంగా కాదంటే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ తేలకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. రుసుము లేదు, వకీలూ అక్కర్లేదు.

మా పిన్నికి ఇదంతా చెబితే, "సరే, మీ బాబాయిని అడుగుతాను" అంది. అడగడం కాదు, మీరే తేల్చండమ్మా. ఇంట్లో ఏ వస్తువు ఎప్పుడు ఎంతకి కొన్నామో మనకి తెలిసినంతగా మగవాళ్లకి తెలీదు. ఈ ఆదివారం భోజనాలయ్యాక లోను ఫైలు ముందేసుకుని కూర్చోండి. పాలసీ ఉంటే దాని గడువు తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. లేకపోతే రెండు మూడు కంపెనీల ధరలు కనుక్కుని, వానలు ముదరకముందే కట్టేయండి.