చైనాలో జైతూన్ నగరం

జ్ఞానం కోసం చైనా వరకైనా వెళ్ళమని దైవప్రవక్త (స) సెలవిచ్చారని మన సభల్లో తరచుగా వింటుంటాం. హదీసువేత్తల దృష్టిలో ఈ ఉల్లేఖనం చాలా బలహీనమైనది. కొందరైతే కల్పితమనే అన్నారు. కనుక దాన్ని ప్రవక్త (స) వారికి ఆపాదించే ముందు మనం జాగ్రత్తపడాలి. అయితే ముస్లిములు చైనా వెళ్ళిన మాట మాత్రం వాస్తవం. వెళ్ళడమే కాదు, అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు, మస్జిద్‌లు నిర్మించారు, అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. వారు దిగిన రేవుల్లో ముఖ్యమైనది ఫుజియన్ రాష్ట్రంలోని చువాన్‌జౌ. అరబ్బులు, పారశీకులు దాన్ని 'జైతూన్' అని పిలిచారు.

ఆ ఊళ్ళో జైతూన్ చెట్లున్నాయేమో అనుకునేరు! అక్కడ అవి లేనే లేవని ఇబ్నె బతూతా స్వయంగా రాశారు. నగరం గోడ చుట్టూ నాటిన ఎర్రపూల ముళ్ళచెట్టుకు చైనా భాషలో 'త్సితోంగ్' అని పేరు. అదే అరబ్బుల నోట జైతూన్ అయింది. ఆ రేవు నుంచి వచ్చిన పట్టుబట్టను 'జైతూనీ' అన్నారు. నేటి 'శాటిన్' అనే మాట దాని నుంచే పుట్టిందని చెబుతారు.

1087లో సోంగ్ వంశ ప్రభుత్వం ఇక్కడ సముద్ర వర్తక కార్యాలయాన్ని నెలకొల్పింది. ఓడల సరుకును తనిఖీ చేసి సుంకం వసూలు చేయడం దాని పని. 1974లో రేవు బురదలోంచి 13వ శతాబ్దపు ఓడ ఒకటి బయటపడింది. అందులో 13 గదులున్నాయి. ఒక గదిలోకి నీరొచ్చినా మిగతావి మునగకుండా మధ్యలో చెక్క గోడలు కట్టారు. లోపల సుగంధపు కొయ్య, మిరియాలు దొరికాయి. 13వ శతాబ్దం చివర మార్కో పోలో స్వదేశానికి బయలుదేరింది ఈ రేవు నుంచే. మన మోటుపల్లి రేవును కూడా ఆయన తన గ్రంథంలో వర్ణించారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించింది అక్కడే.

ఇక మస్జిద్ సంగతి. రాతితో కట్టిన 'మస్జిదుల్ అస్‌హాబ్' హిజ్రీ 400 (క్రీ.శ. 1009-10)లో నిర్మితమైందని, హిజ్రీ 710లో షీరాజ్‌కు చెందిన ఒక వ్యక్తి దాన్ని బాగు చేయించారని ద్వారం దగ్గరి అరబీ శాసనం తెలుపుతోంది. నమాజు హాలు పైకప్పు ఎప్పుడో కూలిపోయింది. దివ్య ఖుర్‌ఆన్ వాక్యాలు చెక్కిన గోడలు నేటికీ నిలిచి ఉన్నాయి. ముస్లిములను ఎవరూ వేధించరాదంటూ 1407లో మింగ్ చక్రవర్తి జారీ చేసిన ఫర్మానా కూడా రాతి మీద చెక్కి అక్కడే ఉంది.

1346 ప్రాంతంలో వచ్చిన ఇబ్నె బతూతా ఇక్కడ ఒక ఖాజీని, ఒక షైఖుల్ ఇస్లాంను కలిశారు. తబ్రేజ్‌కు చెందిన ఒక వర్తకుడు కూడా ఎదురయ్యాడు. ఒకప్పుడు హిందూస్థాన్‌లో ఇబ్నె బతూతా అప్పు తీసుకున్నది అతని దగ్గరే! ఆ వర్తకుడు హాఫిజ్ అని, నిత్యం ఖుర్‌ఆన్ పారాయణం చేసేవాడని ఆయన రాశారు. దూరదేశం నుంచి ఒక ముస్లిం వస్తే ఇక్కడి వర్తకులు ఎంతో సంబరపడి తమ జకాత్ సొమ్మును అతనికే ఇచ్చేవారట.

నగరం వెలుపల లింగ్‌షాన్ కొండ మీద రెండు సమాధులున్నాయి. అవి ప్రవక్త (స) వారి సహచరులవని స్థానికుల నమ్మకం. కానీ ఈ మాట రాతపూర్వకంగా కనిపించేది దాదాపు వెయ్యేళ్ళ తర్వాతి చైనా గ్రంథంలో. సనద్ లేని మాటను సహాబాకు అంటగట్టడం మనకు తగదు. 1417లో ముస్లిం నౌకాధిపతి జెంగ్ హె హోర్ముజ్ వెళుతూ అక్కడ అగరు వెలిగించాడని ఒక శిలాఫలకం చెబుతోంది. సమాధుల దగ్గర సాగే ఇలాంటి ఆచారాలు మన ఊళ్ళకు మాత్రమే పరిమితం కాదన్నమాట.

ఈ వైభవం రక్తపాతంతో ముగిసింది. 1357లో 'ఇస్పాహ్' అనే ముస్లిం సైనిక దళం తిరుగుబాటు చేసింది. పదేళ్ళపాటు అల్లకల్లోలం సాగింది. ఆ పోరులో ముస్లిములే ముస్లిములను చంపుకున్నారు. 1366లో ప్రభుత్వ సేన నగరాన్ని పట్టుకుని పరదేశి రూపు కనిపించిన వారినల్లా నరికింది. సమాధి రాళ్ళు నగరపు గోడల్లోకి వెళ్ళిపోయాయి. 20వ శతాబ్దంలో గోడలు పడగొట్టినప్పుడు వూ వెన్‌లియాంగ్ అనే ఉపాధ్యాయుడు వాటిని ఏరి భద్రపరిచాడు.

బతికి బయటపడిన కుటుంబాల్లో కొన్ని సముద్రతీర గ్రామాల్లో తలదాచుకున్నాయి. చెన్‌దాయ్‌లోని డింగ్ వంశం అలాంటిదే. 16వ శతాబ్దంలో ఆ వంశపు పెద్ద ఒకాయన తన బాల్యాన్ని గుర్తుచేసుకుంటూ రాసిన వ్యాసం మిగిలింది. అప్పట్లో ఇంట్లో పడమటికి తిరిగి నమాజు చేసేవారు, నెలంతా ఉపవాసాలుండేవారు, మృతులను తెల్లగుడ్డలో చుట్టి ఖననం చేసేవారు. గ్రంథం కూడా చదివేవారు. అయితే ఆ ధ్వనులను అనుకరించడమే తప్ప అర్థం తెలియదు, తెలుసుకోవాలని అడిగినవారూ లేరు. ఆ తర్వాత ఆచారాలు ఒక్కొక్కటే జారిపోయాయి. సోదరులారా, మేము ఈ భాగం చదివి చాలాసేపు ముందుకు వెళ్ళలేకపోయాం. కత్తి చేయలేని పనిని ఈ అడగకపోవడం చేసింది.

1979లో ప్రభుత్వం డింగ్ వంశీయులను 'హుయ్' జాతిగా, అంటే ముస్లిం సంతతిగా గుర్తించింది. 2021లో చువాన్‌జౌలోని 22 కట్టడాలు, స్థలాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. చెన్‌దాయ్‌లో చాలా ఇళ్ళలో పంది మాంసం తింటారు. కానీ పూర్వీకులకు నైవేద్యం పెట్టే రోజున ఆ పళ్ళెంలో మాత్రం దాన్ని ఉంచరు.