గువ్వలచెరువు పాలకోవా

కడప నుంచి రాయచోటికి బస్సులో పోయినారా? దారిలో పాలకొండలు అడ్డం వస్తాయి. బస్సు మెలికలు తిరుగుతూ ఘాటు ఎక్కుతుంది. అక్కడే గువ్వలచెరువు. రోడ్డు పక్కన వరుసగా అంగళ్లు. అన్నిట్లో ముఖ్యమైన సరుకు ఒకటే, పాలకోవా.

ఊరు చిన్నది. పేరు దూరం పోయింది. ఎట్లా పోయింది?

మన సీమలో వానలు తక్కువ. పంటను నమ్ముకోలేము. చాలా ఇండ్లకు పాడి ఆదరువు. కానీ ఎండకాలం పాలు పూటకే విరిగిపోతాయి. వాటినే కోవా చేస్తే మూడు నాలుగు రోజులు ఉంటుంది. ఘాటు దారిలో బండ్లు ఆగుతాయి. ఆగినవాళ్లు తింటారు, ఇంటికీ కట్టించుకుంటారు. అట్లా పేరు పాకింది.

కోవా చేయడం ఓపిక పని. పొయ్యి మీద బాణలి పెట్టి పాలు పోస్తారు. చెయ్యి ఆపకుండా కలబెడతారు. ఆపితే అడుగంటుతుంది, మాడు వాసన వస్తుంది. పాలు చిక్కబడినాక చక్కెర వేస్తారు. మంట ముందర ఆ నిలబడడం ఎంత కష్టమో వంట చేసే మనకు ఒకరు చెప్పాలా?

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. కిలో పచ్చికోవాకు సుమారు 5 లీటర్ల బర్రెపాలు కావాలి. లీటరు 60 రూపాయలు అనుకోండి.

5 × 60 = 300

పాలకే 300 రూపాయలు. కట్టెలు, కూలి వేరే. చక్కెరతో తూకం కొంత పెరుగుతుంది, నిజమే. అయినా ఎవరైనా కిలో 150కే ఇస్తామంటే అనుమానించాలి. పిండి కలిపిన కోవా చవగ్గా వస్తుంది. దాని ముందు పాత అంగడి నిలవలేదు. ఆ అంగడి మూతపడితే దానికి పాలు పోసే ఆడోళ్ల రాబడీ పోతుంది.

పిండి కలిసిందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. కొంచెం కోవాను నీళ్లలో ఉడికించి చల్లార్చండి. పుండుకు పూసే అయోడిన్ మందు ఒక చుక్క వేయండి. నీలం రంగుకు తిరిగితే పిండి ఉన్నట్టే. మందు వేసిన కోవా పారేయండి, పిల్లల నోట పడనీయొద్దు.

ఇంకొక మాట. విడిగా అమ్మే మిఠాయి ఏ తేదీలోపు తినాలో అంగట్లో రాసిపెట్టాలని ఒక నియమం వచ్చింది. అది 2020 అక్టోబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందు అంగడాయన చెప్పిందే మాట. తేదీ రాసి ఉంటే మీరే చదవగలరు. రాసి లేకపోతే అడగండి: "అన్నా, తేదీ ఏది?"