గంజాయికి అనుమతి యొసగవచ్చునా?

గంజాయి సేవనమునకు ప్రభుత్వము సమ్మతింపవలెనా యను వాదము క్రొత్తది కాదు. 1893-94లో విచారణ జరిపిన ప్రభుత్వ సంఘము, మితసేవనమున హాని స్వల్పమనియు, పూర్ణనిషేధముకంటె పన్నును కట్టుబాటును మేలనియు తలంచెను. 1985వ సంవత్సరపు శాసనము దానిని నిషేధించి, వైద్య, శాస్త్ర ప్రయోజనములకు మాత్రము వీలుంచెను.

సమ్మతి కోరువారు, అమ్మకము బహిరంగమైనచో తనిఖీ కుదిరి కల్తీ తొలగునందురు. మన నిజామాబాదు జిల్లాలో కల్లు అమ్మకమునకు అనుమతి కలదు. అయినను అందు ఆల్ప్రజోలాము అను మత్తుమందు కలిపిన సంగతి పలుమారులు బయటపడినది. కావున అనుమతిపత్రము తనంతట రక్షణ కాదు. దాని వెనుక నిజాయితీగల తనిఖీ యుండవలెను.

విద్యార్థులారా! పెద్దలకెట్టి శాసనము తగునో వాదింపవచ్చును. కాని ఎదుగుచున్న వయస్సున గంజాయి వలన జ్ఞాపకశక్తియు ఏకాగ్రతయు కుంటుపడునని వైద్యశాస్త్రము చెప్పుచున్నది. శాసనము మారినను ఈ సత్యము మారదు. దేవుడొసగిన బుద్ధిని కాపాడుకొనుడు.