కొలిచి కలుపు, సాహితీ

చి. సాహితికి,

బీడీఎస్ రెండో ఏడాదికి వచ్చినా మెటీరియల్స్ ల్యాబ్‌లో ఇంకా చేయి తిరగలేదని దిగులు పడుతున్నావు. తోటివాళ్లు కంటి అంచనాతో ప్లాస్టర్ కలిపేస్తుంటే నువ్వింకా తక్కెడ దగ్గరే ఉన్నానని రాశావు. అక్కడే మరికొంత కాలం ఉండమని చెప్పడానికే ఈ ఉత్తరం. చేయి తిరగడమంటే వేగమనుకుంటారు చాలామంది. నీ గిన్నెలో ఉన్నది పిండిముద్ద కాదమ్మా, నడుస్తున్న రసాయన చర్య. నీళ్లు తగిలిన క్షణం నుంచి దానికి గడియారం మొదలవుతుంది. ఆ గడియారాన్ని ఏది తొందరపెడుతుందో, ఏది నిదానింపజేస్తుందో ఎరిగిన చేతినే నేను తిరిగిన చేయి అంటాను. ఆ ఎరుక కొలత లేకుండా రాదు.

ప్లాస్టర్‌నే తీసుకో. నూరు గ్రాముల పొడి జిప్సంగా మారడానికి కావలసిన నీళ్లు 18.6 మిల్లీలీటర్లే. కానీ మామూలు ప్లాస్టర్‌కు 45 నుంచి 50 పోస్తాం, డెంటల్ స్టోన్‌కు 28 నుంచి 30 చాలు. నిజానికి రెండూ కాల్షియం సల్ఫేట్ హెమీహైడ్రేటే. ప్లాస్టర్ రేణువులు గుల్లగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి అవి తడవడానికే ఎక్కువ నీళ్లు కావాలి. మిగులు నీళ్లు ఆరిపోయాక వాటి చోట ఖాళీలు మిగులుతాయి, కాస్ట్ (పళ్ల నమూనా) బలహీనపడుతుంది. కంటి అంచనాతో స్టోన్‌లో పది మిల్లీలీటర్లు ఎక్కువ పోశామనుకో, ఎక్కువ ధర పెట్టి కొన్న బలాన్ని మన చేత్తో మనమే తీసేసినట్టు. పైగా ఆ ముద్ద గిన్నెలో నునుపుగా, పోయడానికి హాయిగా కనిపిస్తుంది. కన్ను మోసపోయేది అక్కడే. బిగుస్తున్న ముద్దలో మళ్లీ కాసిని నీళ్లు చిలకరించి కలపడం ఇంకా పెద్ద తప్పు. అప్పటికే ఒకదానిలో ఒకటి అల్లుకుంటున్న స్ఫటికాలు విరిగిపోతాయి. ముందు నీళ్లు, తర్వాత పొడి. పొడి దానంతటది నానాక స్పాచులాను గిన్నె గోడకేసి ఒత్తుతూ కలుపు, బుడగలు తగ్గుతాయి. పైమెరుపు ఎన్నో నిమిషంలో పోయిందో, వెచ్చదనం ఎప్పుడు చేతికి తెలిసిందో రాసుకో.

పుస్తకంలోని సమయాలు మన ఎండలను చూసి రాసినవి కావు. నోటి అచ్చు (ఇంప్రెషన్) తీసే అల్జినేట్‌కు నీళ్లు 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలంటారు. మే నెలలో విజయవాడలో మేడ మీది ట్యాంకు నీళ్లు ఎంత వేడిగా వస్తాయో నీకు చెప్పనక్కర్లేదు. నీటి వేడి పది డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం సుమారు ఒక నిమిషం తగ్గుతుంది. ట్రే నోట్లో కుదురుకునేలోపే ముద్ద బిగుసుకుంటే ‘పౌడర్ పాతది’ అని డబ్బాను తిడతారు. జింక్ ఫాస్ఫేట్ సిమెంట్‌దీ అదే కథ. దాన్ని చల్లటి గాజుపలక మీద కొద్దికొద్దిగా పొడి చేరుస్తూ, వెడల్పుగా పరిచి కలపమనేది పుట్టే వేడి చెదిరిపోవడానికి. అలాగని విశాఖ లాంటి తేమ ఊళ్లో పలకను మరీ చల్లబరిస్తే దాని మీద చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ సిమెంట్‌లో కలిసి, నువ్వు కోరినదానికి విరుద్ధంగా దాన్ని తొందరగా బిగిస్తుంది. సూత్రం కంఠతా వచ్చినవాళ్లకు కూడా ఆ పలకను వేలితో తాకి చూడాలన్న ధ్యాస ఉండదు.

అందుకే కావాలని పాడుచెయ్యి. ఒకరోజు సరైన కొలతతో ఒక దిమ్మ పోయి. మరునాడు నీళ్లు మాత్రమే పెంచు. ఆ తర్వాత కలిపే సమయం మాత్రమే పెంచు. ఎక్కువసేపు కలిపితే ప్లాస్టర్ నిదానించదు, ఇంకా త్వరగా గట్టిపడుతుంది, వ్యాకోచమూ పెరుగుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు మారిస్తే తప్పు దేనిదో తెలియదు. దిమ్మల మీద తేదీ వేసి దాచు, విరిచి లోపల చూడు.

‘సీనియర్లు కొలవరు కదా’ అంటావు. వాళ్ల కంటికి పోల్చుకోవడానికి వేల గిన్నెల జ్ఞాపకం ఉంది, నీకు ఇంకా లేదు. ‘స్కానర్లు వచ్చేశాయి, ఇదంతా ఎందుకు’ అనేది ఇంకాస్త బలమైన మాట. నోటిని స్కానర్ చదవవచ్చు. కానీ తయారైన క్రౌన్‌ను పంటికి అతికించేది సిమెంటే. ప్రింటర్ రెసిన్‌ను కడిగి, కాంతిలో గట్టిపరచడానికీ సమయపు లెక్కలే. యంత్రం వచ్చినా పదార్థం స్వభావం మారలేదు. ‘కాస్ట్ పని టెక్నీషియన్ చూసుకుంటాడు’ అనే మాట నాకు అసలు నచ్చదు. అతని చేతికి చేరేది నువ్వు పంపిన ఇంప్రెషన్ మాత్రమే. తీసిన పది పదిహేను నిమిషాల్లో స్టోన్ పోయకుండా బల్ల మీద ఆరబెడితే అల్జినేట్ కుంచించుకుపోతుంది, నీళ్లలో పడేస్తే ఉబ్బుతుంది. ఆ తేడా టెక్నీషియన్‌కు కనిపించదు. కట్టుడుపళ్లు పెట్టుకుని అన్నం నమలలేని మనిషికి తెలుస్తుంది.

సోమవారం ల్యాబ్‌కు వెళ్లేటప్పుడు మాస్కుతో పాటు చిన్న థర్మామీటర్ కూడా సంచిలో వేసుకో. కలిపే ముందు కుళాయి నీళ్ల వేడి చూసి, ఆ అంకెతోనే నీ నోట్‌బుక్ మొదలుపెట్టు.

ఇట్లు,
మీ అత్తయ్య