పాత్రమెరిగి దానము: గులాబి రిబ్బను నేర్పెడి పాఠము

“క్షేత్రమెరిగి విత్తనము, పాత్రమెరిగి దానము” అని మన పెద్దలు చెప్పిరి. రైతు విత్తనము చల్లుటకు పూర్వము నేల ఎట్టిదో, నీటి వసతి ఎంతయో, ఏ పైరు పండునో విచారించును. దానము చేయువాడును అట్లే విచారింపవలెను. కాని రోగుల పేరిట ఎవరైన చేయి చాచినప్పుడు ప్రశ్నించుటకు మనకు మొగమాటము కలుగును. ఆ మొగమాటమును ఆధారముగా చేసికొని కొందరు వ్యాపారము సాగించుచున్నారు.

ప్రతి సంవత్సరము అక్టోబరు మాసమును రొమ్ము క్యాన్సరును గూర్చిన ప్రచారమునకు కేటాయించియున్నారు. ఆ నెలలో నగరములందలి పెద్ద భవనములకు గులాబిరంగు దీపములు వెలుగును. దుకాణములలోని సరకులపై గులాబిరంగు రిబ్బను గుర్తు కనబడును. ఊరేగింపులు జరుగును, చందాలు వసూలగును. ఇట్టి ప్రచారకులు గ్రామమునకు వచ్చినచో మొదట పంచాయతీ వారినే కలిసికొందురు. అట్టి సందర్భమున పంచాయతీ సభ్యులు ఏమి అడుగవలెను? ఏ సంస్థకు చేయూత నీయవలెను? ఈ విషయములను గ్రహించుటకు ముందుగా ఈ రిబ్బను పుట్టిన అమెరికా దేశపు అనుభవమును తెలిసికొనుట మంచిది.

రిబ్బను పుట్టుక

అమెరికాలో ఒకప్పుడు ఈ వ్యాధి పేరును పైకి చెప్పుటకే స్త్రీలు సంకోచించెడివారు. 1974లో ఆ దేశాధ్యక్షుని భార్య బెట్టీ ఫోర్డ్ తనకు జరిగిన శస్త్రచికిత్సను గూర్చి బహిరంగముగా చెప్పిన పిమ్మట ఆ సంకోచము కొంత తగ్గెను. వ్యాధివలన మరణించిన సోదరి సూజన్ కోమెన్ పేరిట 1982లో నాన్సీ బ్రింకర్ ఒక ధర్మసంస్థను స్థాపించెను.

ఆ తరువాత కాలిఫోర్నియా రాష్ట్రమున షార్లట్ హేలీ అను వృద్ధురాలు, తన కుటుంబమున ముగ్గురు స్త్రీలకు ఈ వ్యాధి సోకుటచే కలత చెంది, పీచ్ పండు రంగు రిబ్బనులను ఇంటి వద్దనే తయారు చేసి పంచిపెట్టసాగెను. రిబ్బనుతో కూడ ఒక చీటి ఉండెడిది. జాతీయ క్యాన్సరు సంస్థ బడ్జెటులో ఐదు శాతము మాత్రమే వ్యాధి నివారణకు వినియోగమగుచున్నదనియు, శాసనసభ్యులను మేల్కొల్పుటకు ఈ రిబ్బనును ధరింపుడనియు అందు వ్రాసియుండెను. ఆమె ఎవరి వద్దను డబ్బు పుచ్చుకొనలేదు. ఆ రిబ్బను పన్ను చెల్లించు పౌరురాలు ప్రభుత్వమును అడిగిన ప్రశ్న.

1992లో ఒక స్త్రీల పత్రికవారును, ఎస్టీ లాడర్ అను సౌందర్య సాధనముల కంపెనీవారును ఆ రిబ్బనును తమ ప్రచారమున వాడుకొనగోరిరి. ఇది వ్యాపారమగునని హేలీ నిరాకరించెను. వారు రంగు మార్చి గులాబి రిబ్బనును ఎన్నుకొనిరి. ఆ సంవత్సరమే కంపెనీ దుకాణములలో 15 లక్షల గులాబి రిబ్బనులు పంపిణీ అయ్యెను. రంగుతోపాటు చీటియు మారెను. ప్రభుత్వపు ఖర్చును గూర్చిన ప్రశ్న వెనుకబడెను.

ఈ ప్రచారమువలన మేలు కలుగలేదని చెప్పరాదు. వ్యాధిని గూర్చి మాటలాడుటకు స్త్రీలకు ధైర్యము వచ్చెను. ఎస్టీ లాడర్ కుటుంబమునకు చెందిన ఎవెలిన్ లాడర్ 1993లో స్థాపించిన సంస్థ పరిశోధనకు ధనసహాయము చేయుచు వచ్చెను. చిక్కు మరియొక చోట కలదు. రిబ్బను గుర్తుపై ఎవరికిని ప్రత్యేకాధికారము లేనందున, ఏ వర్తకుడైనను దానిని తన సరకుపై అచ్చు వేసికొనవచ్చును.

సరకు అమ్మిన సొమ్ములో దానమెంత?

యోప్లే అను పెరుగు కంపెనీ అమెరికాలో ఒక పథకము నడిపెను. పెరుగు డబ్బాల గులాబి మూతలను కడిగి తపాలాలో పంపినచో, మూతకు 10 సెంట్ల చొప్పున కంపెనీ ధర్మసంస్థకు ఇచ్చును. డాలరులో నూరవ వంతు సెంటు. లెక్క వేసి చూడుడు. ఒక స్త్రీ దినమునకు మూడు డబ్బాల పెరుగు నాలుగు నెలలపాటు తినినను 360 మూతలగును. ధర్మసంస్థకు చేరునది 36 డాలర్లు. తపాలా ఖర్చు ఆమెదే. కంపెనీ ఇచ్చు మొత్తమునకు గరిష్ఠ పరిమితియు ఉండెను. పెరుగు కొనుటకైన సొమ్ములో కొంత నేరుగా సంస్థకు పంపినచో అంతకన్న ఎక్కువయే చేరియుండును.

2002లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ తన కార్డుతో చేసిన ఒక్కొక్క కొనుగోలుకు ఒక సెంటు చొప్పున ఇచ్చెదనని ప్రకటించెను. ఒక డాలరు వస్తువు కొన్నను, వేయి డాలర్ల వస్తువు కొన్నను దానము ఒక్క సెంటే. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1990లో ఏర్పడిన బ్రెస్ట్ క్యాన్సర్ యాక్షన్ అను సంస్థ ఆ సంవత్సరమే, గులాబి గుర్తును చూచి కొనుటకు ముందు ఆలోచింపుడను ఉద్యమమును ప్రారంభించెను.

ఆ సంస్థ మరియొక ప్రశ్నను కూడ లేవదీసెను: వ్యాధిగ్రస్తుల పేరిట అమ్మెడి సరకు ఆరోగ్యమునకు మంచిదేనా? 2010లో కె.ఎఫ్.సి. అను హోటళ్ల కంపెనీ వేయించిన కోడిమాంసమును గులాబి బకెట్లలో అమ్మి, బకెట్టుకు 50 సెంట్ల చొప్పున కోమెన్ సంస్థకు ఇచ్చెను. మితిమీరిన బరువు ముట్లుడిగిన స్త్రీలకు రొమ్ము క్యాన్సరు వచ్చు అవకాశమును పెంచునని వైద్యులు చెప్పుచున్నారు. మద్యపానముకూడ ఈ వ్యాధికి ఒక కారణమని రుజువైనది. అయినను గులాబి రిబ్బను గుర్తుతో ద్రాక్షసారాయి సీసాలను అమ్మినవారు కలరు.

ప్రశ్నించుటవలన ఫలితము ఉండునా అని సందేహింప నక్కరలేదు. పాడి పెంచుటకై కృత్రిమ హార్మోనును సూదిమందుగా ఇచ్చిన ఆవుల పాలతో యోప్లే పెరుగు తయారగుచున్నదని 2008లో ఆ ఉద్యమము వారు ఆక్షేపణ తెలిపి, ఉత్తరములు వ్రాయించిరి. 2009లో కంపెనీ అట్టి పాలను మానుకొనుచున్నట్లు ప్రకటించెను.

పేరు సాక్ష్యము కాదు

పైన చెప్పిన కంపెనీలు ఎంతో కొంత ఇచ్చినవి. అంతకన్న హీనమైన ఉదాహరణమును 2015లో అమెరికా ప్రభుత్వమే బయటపెట్టెను. ఆ దేశపు ఫెడరల్ వాణిజ్య సంఘమును, ఏబది రాష్ట్రములును ఏకమై నాలుగు క్యాన్సరు ధర్మసంస్థలపై వ్యాజ్యము వేసినవి. వానిలో ఒకదాని పేరు బ్రెస్ట్ క్యాన్సర్ సొసైటీ. 2008 మొదలు 2012 వరకు ఈ నాలుగును ప్రజలవద్ద 18 కోట్ల 70 లక్షల డాలర్లు వసూలు చేసినవనియు, అందు అధికభాగము చందాలు వసూలు చేయు ఏజెంట్లకును, నిర్వాహకుల బంధుమిత్రుల జీతములకును, విహారయాత్రలకును పోయినదనియు, రోగులకు చేరినది స్వల్పమనియు అభియోగము. 2016 నాటికి నాలుగు సంస్థలను మూసివేయుటకు ఒప్పందములు కుదిరినవి. దాతలు చెడ్డవారు కారు. వారు పేరును చూచి నమ్మిరి.

దానమునకు ముందు ఆరు ప్రశ్నలు

ఈ అనుభవములనుండి పంచాయతీ సభ్యులు తమ చిట్టాలో వ్రాసికొనదగిన ప్రశ్నలు ఇవి:

1. సొమ్ము ఎవరికి చేరును? “క్యాన్సరు సహాయార్థము” అనుట చాలదు. ఆసుపత్రి పేరో, సంస్థ పేరో స్పష్టముగ చెప్పవలెను.

2. ఎంత చేరును? వస్తువు అమ్మకముతో ముడిపడిన దానమైనచో, వస్తువు ఒక్కింటికి ఎన్ని రూపాయలో, గరిష్ఠ పరిమితి కలదో లేదో అడుగవలెను. పరిమితి ఇదివరకే నిండియున్నచో మీరు కొన్న వస్తువు వలన ఒక్క పైసయు అదనముగా చేరదు.

3. ఆ సొమ్ముతో ఏ పని జరుగును? ప్రచారము, పరీక్ష, చికిత్స, పరిశోధన, రోగులకు వసతి, నొప్పి తగ్గించు సేవ అనునవి వేర్వేరు పనులు. సంస్థ వీనిలో ఏది చేయునో చెప్పగలుగవలెను.

4. లెక్కలు కలవా? సంస్థ రిజిస్ట్రేషను, ఆదాయపు పన్ను శాఖ అనుమతి, ఆడిటు అయిన వార్షిక లెక్కలు చూపుమని అడుగుటలో అమర్యాద లేదు. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పట్టికలో సంస్థ వివరములు కలవేమో సచివాలయపు ఉద్యోగిచే చూపించుకొనవచ్చును. రశీదు తప్పక పుచ్చుకొనవలెను.

5. అమ్మెడి సరకు ఆరోగ్యమునకు హానికరము కాదు గదా?

6. పరీక్షలో అనుమానము తేలినచో తరువాత ఏమగును? రోగిని ఏ ఆసుపత్రికి, ఎవరు, ఎట్లు తీసికొనిపోవుదురు?

నాల్గవ ప్రశ్న విషయమున ఒక హెచ్చరిక అవసరము. కార్యాలయపు ఖర్చు తక్కువగా చూపిన సంస్థయే ఉత్తమమని తలపరాదు. నర్సు జీతము, వ్యాను డ్రైవరు జీతము లెక్కలో ఖర్చుగా కనబడును గాని, రోగికి అందెడి సేవ అదియే. బ్యానర్లకును, టోపీలకును, సభలకును ఎంతైనదో, రోగి కొరకు ఎంతైనదో వేరుచేసి చూడవలెను.

మన గ్రామములకు కావలసినదేమి?

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము అంచనా ప్రకారము, 2022లో మన దేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సరు కనబడెను. సుమారు 98,000 మంది మరణించిరి. మన స్త్రీలకు వచ్చు క్యాన్సర్లలో ఇదియే ప్రథమము. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 30 మొదలు 49 సంవత్సరముల వయస్సు గల స్త్రీలలో ఎన్నడైనను రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఒకరైనను లేరు.

మనకు ఏ పని ఫలితమిచ్చునో తెలుపు ఒక గొప్ప పరిశీలన మన దేశముననే జరిగినది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 1998లో పేదల వాడలయందు 35 మొదలు 64 సంవత్సరముల వయస్సు గల 1,51,538 మంది స్త్రీలతో దీనిని ప్రారంభించిరి. ఒక భాగమువారికి వ్యాధిని గూర్చి ఒకసారి బోధించిరి. రెండవ భాగమువారికి బోధనతోపాటు, శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేండ్లకొక పర్యాయము చొప్పున నాలుగుసార్లు చేతితో రొమ్ము పరీక్ష చేసిరి. యంత్రములు లేవు. 2021లో వెలువడిన ఫలితముల ప్రకారము, పరీక్ష జరిగినవారిలో వ్యాధి తొలిదశలోనే బయటపడెను. ఏబది సంవత్సరములు దాటినవారిలో ఈ వ్యాధి మరణములు దాదాపు 30 శాతము తగ్గెను. అంతకు చిన్నవారిలో మరణములు స్పష్టముగ తగ్గినట్లు కనబడలేదు.

మాట చెప్పి ఊరుకొనుట వేరు, చేతితో పరీక్షించి చికిత్సకు చేర్చుట వేరు. రిబ్బను చేయగలిగినది మొదటి పని మాత్రమే. రెండవ పనికి తోడ్పడు సంస్థయే మన దానమునకు పాత్రము.

2016లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము 30 మొదలు 65 సంవత్సరముల వరకు గల స్త్రీలకు ఐదేండ్లకొకసారి రొమ్ము పరీక్ష ఉచితముగా జరుగవలెను. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీకి వారసులైన పథకములు ఉభయ తెలుగు రాష్ట్రములందును నడచుచున్నవి. వానియందు క్యాన్సరు చికిత్స చేరియున్నది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రియు, విశాఖపట్టణములోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రియు పేదలకు చికిత్స చేయుచున్నవి. ఇన్ని ఉన్నను, కూలి పోవుననియు, తోడు వచ్చువారు లేరనియు, నగరమున తలదాచుకొను చోటు లేదనియు ఎందరో స్త్రీలు ఆలస్యము చేయుదురు. బస్సు చార్జి, రోగితో వచ్చినవారికి వసతి, భోజనము, మధ్యలో మానక చికిత్స పూర్తిచేయించు పర్యవేక్షణ – వీనిని సమకూర్చు సంస్థ చిన్నదైనను గొప్పది.

పంచాయతీ చేయదగిన పనులు

ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. సహాయముతో ముప్పది సంవత్సరములు దాటిన స్త్రీల పట్టిక తయారు చేయించవలెను. ఉపకేంద్రమున పరీక్ష జరుగు దినమును గ్రామసభలో ప్రకటించి, అందు మరుగైన గది, మంచము, తెర ఏర్పాటు చేయవలెను. అనుమానము తేలినవారి రాకపోకలకు దాతలచే చిన్న నిధి కూర్పించవలెను. పంచాయతీ నిధి ప్రజల సొమ్ము గనుక, దానినుండి ఏ ప్రచార సంస్థకును తొందరపడి ఇచ్చుట తగదు. స్త్రీల ఆరోగ్య వివరములను రచ్చబండపై చర్చింపకుండుట సభ్యుల ధర్మము.

నొప్పిలేని గడ్డ, చనుమొననుండి రక్తము లేక ద్రవము కారుట, చనుమొన లోపలికి పోవుట, చర్మము గుంటలు పడుట, చంకలో గడ్డ – ఈ గుర్తులలో ఏది కనబడినను ఆలస్యము చేయక వైద్యునికి చూపించవలెనని ప్రతి ఇంటికిని తెలియజేయవలెను. గడ్డలన్నియు క్యాన్సరు కావు. అయినను నొప్పి లేదు గదా అని ఊరకుండుట ప్రమాదకరము.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఉపకేంద్రమున గత సంవత్సరము ఎందరు స్త్రీలకు రొమ్ము పరీక్ష జరిగినది?

2. అనుమానము తేలిన స్త్రీ మన ఊరినుండి క్యాన్సరు ఆసుపత్రికి పోయి వచ్చుటకు ఎన్ని దినములు, ఎంత ఖర్చు అగును?

3. గత రెండేండ్లలో ఆరోగ్యము పేరిట మన గ్రామమున వసూలైన చందాలకు రశీదులు, లెక్కలు కలవా?

4. ఒక సంస్థ గులాబి బ్యానర్లతో ఊరేగింపు జరుపుదుమని వచ్చినచో, దానితోపాటు పరీక్షను కూడ ఏర్పాటు చేయవలెనని ఎట్లు కోరవచ్చును?