టర్బో మీది రేకు విప్పాలా, వద్దా?

మా డీజిల్ కారుకు టర్బో ఆయిల్ పైపు మార్చాక, షెడ్డు కుర్రాడు ఒక పల్చటి రేకును డిక్కీలో పెట్టి, "ఇది లేకపోయినా బండి నడుస్తుంది సార్" అన్నాడు. నడిచింది కూడా. మూడు నెలలకు టర్బో పక్కనుంచి వెళ్లే వైర్ల తొడుగు పెళుసెక్కి పగిలి, రాగి తీగ బయటపడింది. ఆ రేకే హీట్ షీల్డ్. పని కోసం దాన్ని విప్పడంలో తప్పు లేదు, తిరిగి బిగించకపోవడమే తప్పు. సొంతంగా పని చేసుకునేవాళ్లకూ, షెడ్డులో పక్కన నిలబడి చేయించుకునేవాళ్లకూ ఈ చిట్కాలు.

1. రేకు ఎందుకుందో తెలుసుకోండి. టర్బోను తిప్పేది ఇంజిన్ వదిలే వేడి పొగ. గట్టిగా తోలినప్పుడు ఆ పొగ వేడి డీజిల్ బండ్లలో 700 డిగ్రీల సెల్సియస్, పెట్రోల్ బండ్లలో 900 డిగ్రీలు దాటుతుంది. టర్బో ఇనుము ఎర్రగా కాలుతుంది. దానికి జానెడు దూరంలోనే రబ్బరు గొట్టాలు, వైర్లు, ప్లాస్టిక్ భాగాలు ఉంటాయి. మెరిసే రేకు ఆ సెగను వెనక్కి కొడుతుంది. రేకుకూ టర్బోకూ మధ్య ఉన్న గాలి మిగతా వేడిని చాలావరకు అడ్డుకుంటుంది.

2. అవసరమైతేనే విప్పండి. ఎయిర్ ఫిల్టర్ మార్చడానికి దీని జోలికి పోనక్కర్లేదు. టర్బో, దాని ఆయిల్ పైపులు, మానిఫోల్డ్ ప్యాకింగ్ అందాలంటే మాత్రం చాలా బండ్లలో విప్పక తప్పదు. అప్పుడు బద్ధకించి సందులోంచి పానా దూరిస్తే బోల్టు తల అరుగుతుంది, చెయ్యి గీరుకుపోతుంది.

3. బండి పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండిని పొద్దున్నే ముట్టుకోవడం మంచిది. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఇంజిన్ ఆగి ఉన్నా కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది.

4. బోల్టులతో తొందర వద్దు. ఏళ్ల తరబడి వేడికి కాలి, తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంటాయి. చల్లారిన బోల్టుల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నాననివ్వండి. ఆరు మూలల సాకెట్ వాడండి. కొంచెం వదులు చేసి, కొంచెం బిగించి, మళ్లీ వదులు చేస్తూ తీయండి. బోల్టు తెగి మర లోపలే ఉండిపోతే డ్రిల్లు పెట్టాల్సి వస్తుంది.

5. విప్పే ముందు ఫొటో తీయండి. ఏ బోల్టు ఎక్కడిదో తర్వాత తడుముకోనక్కర్లేదు. రేకు అంచులు బ్లేడులా కోస్తాయి, గ్లవ్స్ తొడుక్కోండి. దాన్ని వంచొద్దు. వంగిన రేకు టర్బోకు తగిలితే మోత పెడుతుంది, వేడిని ఆపాల్సింది తానే మోసుకొస్తుంది.

6. విప్పినప్పుడే లోపల చూడండి. ఆయిల్ చెమ్మ, పైపుల పగుళ్లు, అతుకుల దగ్గర నల్లటి మసి ఉన్నాయేమో గమనించండి. కాలే టర్బో మీద ఆయిల్ చుక్కలు పడితే మంట లేవొచ్చు. చెమ్మ తుడిచి ఊరుకోకండి, ఎక్కణ్నుంచి కారుతోందో కనిపెట్టండి.

7. రేకు లేకుండా రోడ్డెక్కొద్దు. లీకు చూడటానికి బండిని దగ్గరుండి రెండు నిమిషాలు స్టార్ట్ చేయడం వేరు, ప్రయాణం వేరు. "రేకు తీస్తే గాలి తగిలి టర్బో చల్లగా ఉంటుంది" అనే మాట నమ్మకండి. ఆ సెగంతా పక్కనున్న గొట్టాలకూ వైర్లకూ తగులుతుంది.

8. గలగలమంటోందని పీకేయకండి. బోల్టు రంధ్రం తుప్పు తిని పెద్దదైతే వెడల్పాటి వాషరు వేయండి. సైలెన్సర్ పైపు మీది రేకైతే స్టీల్ క్లిప్పుతో బిగించవచ్చు. ప్లాస్టిక్ ట్యాగులు కరిగిపోతాయి. రేకు చిరిగిపోతే అదే మోడల్‌ది కొత్తది వేయించండి.

9. బండి కింది రేకులనూ చూడండి. మన ఊళ్లలో వరిగడ్డి, ఉలవకట్టె రోడ్డు మీద పరిచే రోజుల్లో ఇది మరీ ముఖ్యం. గడ్డి వేడి పైపులకు చుట్టుకుంటే అంటుకుంటుంది. ఎండుగడ్డి మీద బండి ఆపకండి. చల్లారాక సందుల్లో ఇరుక్కున్న గడ్డి తీసేయండి. కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టండి.

10. బిగించాక లెక్క చూసుకోండి. ఒక్క బోల్టూ మిగలకూడదు, ఆయిల్ గుడ్డ లోపల ఉండిపోకూడదు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు స్ప్రే కాలి కాస్త పొగ రావచ్చు. కాసేపటికీ తగ్గకపోతే బండి ఆపి చూడండి.

షెడ్డులో డబ్బులిచ్చే ముందు బానెట్ ఎత్తి చూడండి, డిక్కీ కూడా తెరవండి. అక్కడ రేకు కనబడితే, దాన్ని బిగించాకే తాళంచెవి తీసుకోండి.