ప్రేమంటే భయం: ఈ లూప్‌కి బ్రేక్ ఎక్కడ?

ఇంగ్లీష్ మీడియం వాణ్ని, తప్పులుంటే సర్దుకుపోండి.

పోయిన సెమిస్టర్‌లో నా ల్యాబ్ పార్ట్‌నర్ "టీకి వెళ్దామా?" అంది. నాకు ఆ అమ్మాయంటే ఇష్టం. అయినా "రికార్డ్ రాయాలి" అన్నాను. నిజానికి ఆ వారం రికార్డే లేదు. హాస్టల్‌కి నడుస్తుంటే హమ్మయ్య అనిపించింది. ఇంకో రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే రికార్డ్ చెప్పాను. తర్వాత అడగడం మానేసింది.

నేనెందుకిలా చేశానో అర్థం చేసుకోవడానికి చదివిన విషయాలే ఇవి.

ఈ భయం ఎక్కడిది?

పసిపిల్లలకి తమని పెంచేవాళ్లతో ఉండే బంధం గురించి జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ 'అటాచ్‌మెంట్' సిద్ధాంతం చెప్పాడు. 1987లో హజాన్, షేవర్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దాన్ని పెద్దవాళ్ల ప్రేమలో వెతికారు. ఒక లోకల్ పేపర్‌లో ప్రశ్నలు వేసి, పాఠకుల జవాబులు తీసుకున్నారు. సుమారు 56 శాతం మందికి దగ్గరితనం హాయిగానే ఉంది. 25 శాతం మందికి ఎవరైనా మరీ దగ్గరైతే ఇబ్బంది. మిగతా 19 శాతం మందికి, వదిలేసి వెళ్లిపోతారేమోనని దిగులు. అది ఆ పేపర్ పాఠకుల లెక్క, మన క్లాస్ లెక్క కాదు. కానీ నేనొక్కణ్నే కాదని తెలిసింది.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. నేను తొమ్మిదో క్లాసులో ఉండగా అక్క ప్రేమ సంగతి ఇంట్లో తెలిసింది. నాన్న నాలుగు నెలలు అక్కతో మాట్లాడలేదు. భోజనాల దగ్గర కంచాల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. ప్రేమంటే నాకు ఆ చప్పుడే గుర్తొస్తుంది.

ఎందుకు పోదు?

1947లో మౌరర్ అనే సైకాలజిస్ట్ చెప్పింది ఇది: భయపెట్టేదాన్ని తప్పించుకోగానే రిలీఫ్ వస్తుంది. ఆ రిలీఫే బహుమతి. అందుకే మళ్లీ తప్పించుకుంటాం. బ్రేక్ లేని వైల్ లూప్ అన్నమాట. టీ తాగితే ఏమయ్యేదో టెస్ట్ చేసే ఛాన్సే రాదు.

ఏం చెయ్యొచ్చు?

1924లో మేరీ కవర్ జోన్స్, కుందేలంటే భయపడే పీటర్ అనే పిల్లాడి గురించి రాసింది. వాడు ఇష్టమైనది తింటుంటే కుందేల్ని దూరంగా ఉంచి, మెల్లగా దగ్గరికి తెచ్చేవారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు.

1. భయానికి పేరు పెట్టండి. కాదంటారనా? ఇంట్లో తెలుస్తుందనా?
2. చిన్న అడుగు వెయ్యండి. ప్రపోజ్ చెయ్యక్కర్లేదు, టీ చాలు.
3. అవతలివాళ్లు 'వద్దు' అంటే అక్కడితో ఆగాలి. మన భయం పోగొట్టడం వాళ్ల పని కాదు.
4. ఇంట్లో కొడతారు, చంపుతామంటారు అంటే అది ఉత్త భయం కాదు, ప్రమాదం. ఒంటరిగా మొయ్యకండి.
5. నిద్ర, చదువు పాడవుతుంటే కౌన్సిలర్‌ని కలవండి, లేదా టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి.

ప్రేమించకపోవడం తప్పేం కాదు. కానీ ఆ నిర్ణయం మనది కావాలి, భయానిది కాదు.

మొన్న ల్యాబ్‌లో ఆ అమ్మాయికి చెప్పేశాను: "ఆ రోజు రికార్డ్ లేదు. భయమేసింది."

"మనిద్దరిదీ ఒకే బ్యాచ్ కదా. రికార్డ్ లేదని నాకు తెలీదా?" అంది.

ఈసారి టీకి నేనే అడగాలి.